రెండు రౌండ్ల నడుమ ఊపిరి ఎవరి చేతిలో?

ఆర్గానోఫాస్ఫేట్ తరగతికి చెందిన పురుగుల మందు ఒంట్లోకి వెళ్లిన రోగి విషయంలో ఒక ప్రమాదకరమైన ఘడియ ఉంటుందని నల్లగొండ, మహబూబ్‌నగర్ జిల్లాల ఆసుపత్రుల క్యాజువాలిటీల్లో పనిచేసేవారికి బాగా తెలుసు. మొదటి రోజు ఒళ్లు కడిగి, విరుగుడుగా అట్రోపిన్ ఇచ్చి, నోట్లో గొంతులో ఊరే ద్రవాలను ఎప్పటికప్పుడు తీసేస్తూ ఉంటే చాలామంది తేరుకుంటారు, బంధువులతో మాట్లాడతారు, ఇంటికి ఎప్పుడు పంపిస్తారని అడుగుతారు. ఆ తర్వాత, సాధారణంగా 24 నుంచి 96 గంటల మధ్యలో, కొందరికి మెడ కండరాలు పట్టు తప్పి దిండు మీంచి తల ఎత్తలేని స్థితి వస్తుంది, దాని వెన్నంటే శ్వాస కండరాలు కూడా చచ్చుబడతాయి. దీన్నే ఇంటర్మీడియట్ సిండ్రోమ్ అంటారు. అది మొదలయ్యే వేళకు వైద్యులు మంచం మంచం తిరిగి చూసే ఉదయం రౌండు ముగిసిపోయి ఉండవచ్చు, సాయంత్రం రౌండుకు ఇంకా చాలా సమయం ఉండవచ్చు. ఆ నడిమి గంటల్లో రోగి తల ఎత్తగలుగుతున్నాడా లేదా అని చూసేది ఎవరు, ఎత్తలేకపోతే దాని అర్థమేమిటో తెలిసి వైద్యుణ్ని పిలిచేది ఎవరు అన్నది జిల్లా స్థాయి ఐసీయూల్లో ప్రాణం మీదికి వచ్చే ప్రశ్న.

ఐసీయూలో తిరిగే మనుషులను చూస్తే జవాబు సులువే అనిపిస్తుంది. మత్తుమందు నిపుణుడో జనరల్ మెడిసిన్ వైద్యుడో చికిత్సను నిర్ణయిస్తారు, పీజీలూ హౌస్ సర్జన్లూ కేసు షీటు రాస్తారు, స్టాఫ్ నర్సు మందులిచ్చి, మూత్రం కొలిచి, పక్కలు మార్చి, రికార్డు నింపుతుంది, ఫిజియోథెరపిస్టు వచ్చి ఛాతీలోని కఫాన్ని కదిలించి వెళ్తాడు. వీళ్లందరి పనిలో శ్వాస ఒక భాగమే తప్ప, పొద్దంతా అదే పనిగా ఉండేవారు వీరిలో ఒక్కరూ లేరు. రెస్పిరేటరీ థెరపిస్టు అనే ఉద్యోగం పుట్టింది ఈ ఖాళీలోనే. శ్వాసమార్గం, ఆక్సిజన్, వెంటిలేటర్, పీల్చే మందులు, ఊపిరితిత్తుల పరీక్షలు ఆయన పని. రోగమేమిటో తేల్చడం, చికిత్స రాయడం వైద్యుడి అధికారం. ఆ చికిత్సను గంటగంటకూ మారే రోగి శ్వాసకు తగినట్టు నడపడం, గాడి తప్పుతున్నప్పుడు ముందుగా పసిగట్టి చెప్పడం థెరపిస్టు బాధ్యత. ఆయనను వెంటిలేటర్ బటన్లు నొక్కే టెక్నీషియన్‌గా చూడటం మన దగ్గర పరిపాటి. ఆ చూపు మారనంత కాలం ఆ మనిషిని నియమించినా సగం ప్రయోజనం దక్కదని నా అభిప్రాయం.

శ్వాసను కాపాడే పనిలో యంత్రం కన్నా ముందు మనిషి ఉన్నాడని గుర్తు చేసే ఘట్టం 1952లో డెన్మార్క్ రాజధాని కోపెన్‌హాగెన్‌లో జరిగింది. పోలియో విరుచుకుపడి ఊపిరి కండరాలు చచ్చుబడిన పిల్లలు బ్లెగ్దామ్ ఆసుపత్రికి గుంపులు గుంపులుగా వస్తుంటే, అక్కడున్న శ్వాస యంత్రాలు వేళ్ల మీద లెక్కపెట్టగలిగినన్నే. బ్యోర్న్ ఇబ్సెన్ అనే మత్తుమందు వైద్యుడు గొంతుకు రంధ్రం చేసి గొట్టం పెట్టి, రబ్బరు సంచిని చేత్తో నొక్కుతూ గాలి అందించే పద్ధతి తెచ్చాడు. ఆ సంచులు నొక్కడానికి దాదాపు 1,500 మంది వైద్య విద్యార్థులు వంతులవారీగా రోగుల పక్కన కూర్చున్నారు. ఊపిరి ఆగిపోయే దశకు చేరిన వారిలో 80 శాతానికి పైగా ఉన్న మరణాలు సుమారు సగానికి తగ్గాయి. ఆధునిక ఐసీయూకు అదే నాంది అని వైద్య చరిత్రకారులు రాస్తారు. శ్వాస మీదే దృష్టి పెట్టి మంచం పక్కనే ఉండే మనిషి ఎంత తేడా తేగలడో కూడా అక్కడే తేలింది. ఆ పని తర్వాత అమెరికా వంటి దేశాల్లో డిగ్రీ, లైసెన్సు ఉన్న వృత్తిగా స్థిరపడింది; మన దేశంలో మణిపాల్ వంటి కొద్ది విద్యాసంస్థల నుంచి మొదలై నెమ్మదిగా విస్తరించింది.

ఇక ఈ వృత్తిలోని సూక్ష్మం తెలియాలంటే వెంటిలేటర్ మీద పెట్టే ఒకే ఒక్క అంకెను తీసుకోవచ్చు. ఒక్కో శ్వాసకు ఎంత గాలి పంపాలి అన్నదే ఆ అంకె. ఊపిరితిత్తులు తీవ్రంగా దెబ్బతిన్న రోగులకు కిలోకు 12 మిల్లీలీటర్ల చొప్పున కాక 6 మిల్లీలీటర్ల చొప్పున గాలి ఇస్తే మరణాలు 39.8 శాతం నుంచి 31 శాతానికి తగ్గాయని 2000లో అమెరికాలో వెలువడిన పెద్ద అధ్యయనం చూపింది. ఇందులోని కిలో మనిషి తూకం కాదు, ఎత్తును బట్టి లెక్కగట్టే బరువు. ఎందుకంటే ఒళ్లు పెరిగినంత మాత్రాన ఊపిరితిత్తులు పెరగవు. 160 సెంటీమీటర్ల ఎత్తున్న మగ మనిషి 80 కిలోలు తూగినా లెక్కకు వచ్చేది సుమారు 57 కిలోలే. ఆ ప్రకారం ఒక్కో శ్వాసకు దాదాపు 340 మిల్లీలీటర్లు చాలు. తూకాన్ని పట్టుకుని లెక్క వేస్తే 480 అవుతుంది, ఆ అదనపు గాలి ఇప్పటికే దెబ్బతిన్న ఊపిరితిత్తిని ప్రతి శ్వాసకూ సాగదీసి మరింత గాయపరుస్తుంది. అత్యవసరంగా గొట్టం వేసిన రాత్రి ఎవరో కంటి అంచనాతో పెట్టిన అంకె మర్నాటి దాకా అలాగే ఉండిపోవడం విడ్డూరమేమీ కాదు. థెరపిస్టు డ్యూటీకి రాగానే చేసే మొదటి పనుల్లో టేపు తీసి రోగి ఎత్తు కొలవడం ఒకటి.

మర్రిగూడ, మునుగోడు, నాంపల్లి, చండూరు వంటి మండలాల నుంచి వచ్చే పెద్ద వయసు రోగుల దగ్గర ఈ టేపు కూడా చిక్కులో పడుతుంది. దశాబ్దాల పాటు బోరు నీళ్లలోని ఫ్లోరైడ్ వారి ఎముకల్లో చేరి, కీళ్ల చుట్టూ ఉండే స్నాయువులను గట్టిపరిచి, కొందరి వెన్నును విల్లులా వంచేసింది. మిషన్ భగీరథతో నదీజలాలు ఊళ్లకు వచ్చినా, అప్పటికే వంగిపోయిన వెన్ను తిరిగి నిలబడదు. అలాంటి మనిషిని మంచం మీద పడుకోబెట్టి తల నుంచి మడమ దాకా కొలిస్తే అసలు ఎత్తు కన్నా తక్కువే వస్తుంది, మోచేతులు బిగుసుకుపోయి ఉంటే రెండు చేతులూ చాపి కొలవడమూ కుదరదు. మోచేతి నుంచి మణికట్టు దాకా ముంజేతి ఎముకను కొలిచి ఎత్తును అంచనా కట్టవలసి వస్తుంది. అంతటితో అయిపోలేదు. పక్కటెముకల కీళ్లు బిగుసుకుపోవడం వల్ల ఛాతీ వ్యాకోచించదు, అందువల్ల కొద్దిపాటి గాలికే యంత్రంలో పీడనం పెరుగుతుంది. మెడ వెనక్కి వంగకపోవడంతో గొంతులో గొట్టం వేయడమే కష్టమవుతుంది. ఇది ముందుగా తెలిసిన థెరపిస్టు గొంతు లోపలిని తెర మీద చూపే వీడియో లారింగోస్కోపు, చిన్న సైజు గొట్టాలు, మాస్కు, సంచి అన్నీ మంచం పక్కన సిద్ధం చేసి మత్తుమందు వైద్యుణ్ని పిలుస్తాడు. తెలియకపోతే, మత్తిచ్చాక నోరు తెరిచి చూసినప్పుడు గానీ ఆ కష్టం బయటపడదు. పాఠ్యపుస్తకం ఎక్కడిదైనా, నల్లగొండలో పనిచేసే వారికి ఈ ప్రాంతపు ఎముకల సంగతి వేరుగా తెలిసి ఉండాలి.

కలిసి పనిచేయడం అంటే అందరూ ఒకే మంచం చుట్టూ నిలబడటం కాదు. ఒకరి పని మరొకరి పనిని ఎక్కడ తాకుతుందో తెలిసి ఉండటం. నిద్రమందు మోతాదును వైద్యుడు రాస్తాడు, నర్సు ఇస్తుంది. ఆ మోతాదు ఎక్కువైతే రోగి సొంతంగా ఊపిరి తీయడు, కనుక యంత్రం నుంచి విడిపించే ప్రయత్నం మొదలు పెట్టడానికే వీలుండదు. అందుకే పొద్దున నర్సు మందు తగ్గించే సమయమూ థెరపిస్టు శ్వాస పరీక్ష చేసే సమయమూ ఒకదానితో ఒకటి కలవాలి. మంచం తలవైపు 30 నుంచి 45 డిగ్రీల ఎత్తులో ఉందా అన్నది చూడటానికి చిన్న విషయమే కానీ, పొట్టలోని ద్రవం గొంతులోకి ఎగదన్నకుండా ఆపి వెంటిలేటర్ న్యుమోనియా ముప్పును తగ్గించే వాటిలో అదొకటి. గొట్టం చివర గాలి బుడగలో పీడనం 20 నుంచి 30 సెంటీమీటర్ల నీటి మట్టం మధ్య ఉండాలి. తగ్గితే నోటి ద్రవాలు లోపలికి జారతాయి, పెరిగితే శ్వాసనాళం గోడకు రక్తం అందక పుండు పడుతుంది. ఈ బుడగను వేలితో నొక్కి చూసి సరిపోయిందనుకునే అలవాటు ఇప్పటికీ ఉంది. చిన్న మీటరు పెట్టి కొలిస్తే ఆ అంచనా ఎంత తప్పో వెంటనే తెలుస్తుంది.

వెంటిలేటర్ నుంచి విడిపించే ఘట్టంలో బృందం తీరు బయటపడుతుంది. రోగికి యంత్రం సాయం బాగా తగ్గించి 30 నిమిషాల నుంచి 2 గంటల దాకా సొంత ఊపిరి మీద ఉంచి చూస్తారు. నిమిషానికి ఎన్నిసార్లు ఊపిరి తీస్తున్నాడో ఆ సంఖ్యను, ఒక్కో శ్వాసకు ఎన్ని లీటర్లు లోపలికి వెళ్తోందో ఆ సంఖ్యతో భాగిస్తారు. నిమిషానికి 25 సార్లు, సారికి 0.35 లీటర్లు అయితే 71 వస్తుంది. 35 సార్లు, 0.2 లీటర్లు అయితే 175 వస్తుంది. 105 కంటే తక్కువైతే ఆశ ఉన్నట్టు, ఎక్కువైతే ఆ మనిషి కుక్కపిల్లలా ఎగపోస్తున్నాడే తప్ప ఊపిరి తీయడం లేదన్నట్టు. ఈ పరీక్షను పెద్ద డాక్టరు వచ్చేదాకా ఆపడమా, ముందే రాసిపెట్టుకున్న నియమావళి ప్రకారం నర్సూ థెరపిస్టూ చేసి ఫలితం చెప్పడమా అన్నది అసలు ప్రశ్న. 1997లో అమెరికాలో 357 మంది రోగుల మీద జరిగిన అధ్యయనంలో నియమావళి ప్రకారం నర్సులు, థెరపిస్టులు నడిపించిన రోగులు మధ్యస్థంగా 35 గంటల్లో, వైద్యుల విడివిడి నిర్ణయాల మీద ఆధారపడినవారు 44 గంటల్లో యంత్రం నుంచి బయటపడ్డారు. వైద్యుల నైపుణ్యం తక్కువని దీని అర్థం కాదు. విడిపించదగిన ఘడియ వచ్చినప్పుడు అక్కడ ఎవరో ఒకరు ఉండటమే ఆ తేడాకు మూలమని నేను అర్థం చేసుకుంటాను.

పాము కాటు కేసుల్లో ఈ కావలి మరింత అవసరం. వానాకాలంలో చాప మీద నేల మీద పడుకున్నవారిని రాత్రిపూట కట్లపాము కరిస్తే నొప్పి పెద్దగా ఉండదు, గాటు కూడా ఒక్కోసారి కనిపించదు. తెల్లవారేసరికి కనురెప్పలు వాలిపోతాయి, మింగుడు పడదు, మాట ముద్దవుతుంది. ఇక్కడ వేలికి పెట్టిన పల్స్ ఆక్సిమీటర్‌ను నమ్ముకుంటే మోసపోతాం. కండరాలు సడలుతున్న రోగికి ఆక్సిజన్ పెట్టి ఉంచితే, లోపల కార్బన్ డయాక్సైడ్ పేరుకుపోతున్నా ఆక్సిమీటర్‌లో 97, 98 చూపిస్తూనే ఉంటుంది, అంకె పడిపోయే సమయానికి రోగి చేయి దాటిపోయే దశకు వస్తాడు. అందుకే శ్వాస తెలిసినవారు యంత్రం లేని పరీక్ష చేస్తారు: గట్టిగా ఊపిరి పీల్చి, మళ్లీ పీల్చకుండా ఒకటి నుంచి అంకెలు లెక్కపెట్టమంటారు. మొదట 30 దాకా వెళ్లినవాడు గంట తర్వాత 20 దగ్గర, మరో గంటకు 12 దగ్గర ఆగిపోతే ఇక ఎదురుచూడకూడదు. కట్లపాము విషం నరాల చివరలను దెబ్బతీస్తుంది కనుక యాంటీవెనమ్ ఇచ్చినా అప్పటికే పడిన కండరాలు వెంటనే లేవవు, కొన్ని రోజుల పాటు వెంటిలేటరే ఊపిరి కావలసి వస్తుంది. ఆ రోజుల్లో రోగి కళ్లు తెరవలేడు, వేలు కదపలేడు, అయినా స్పృహలోనే ఉండి అన్నీ వింటూ ఉండవచ్చు. మెదడు పనిచేయడం లేదని పొరబడే ప్రమాదం ఉందని వైద్య గ్రంథాలు ప్రత్యేకంగా హెచ్చరించే పరిస్థితి ఇది. గొంతులోంచి కఫం లాగే ముందు "ఇప్పుడు పైపు పెడుతున్నాం, కొంచెం దగ్గు వస్తది" అని ఆ మనిషికి చెప్పి చేసే థెరపిస్టుకూ, చెప్పకుండా చేసేవారికీ ఉన్న తేడా రోగికే తెలుస్తుంది.

బయట కూర్చున్న బంధువుల సంగతి కూడా ఇందులో భాగమే. "మిషన్ మీద పెట్టిండ్రంటే ఇగ అయిపోయినట్టే" అన్న మాట మన ఊళ్లలో బలంగా నాటుకుపోయింది. మిషన్ తీస్తే పానం పోతదేమోనని కొందరు, పెట్టి డబ్బులు గుంజుతున్నారేమోనని కొందరు సందేహిస్తారు. రోగం గతి గురించి మాట్లాడవలసింది వైద్యుడే. అయితే నిన్న యంత్రం ఎంత సాయం చేసింది, ఈ రోజు ఎంతకు తగ్గింది అన్నది చెప్పగలిగినవాడు ఆ అంకెలను రోజంతా చూసిన మనిషి. ఆ ఇద్దరూ ఒకే మాట చెప్పాలి. ఒకరు ఆశ పెట్టి మరొకరు పెదవి విరిస్తే కుటుంబం మధ్యలోనే రోగిని తీసుకుపోతుంది.

అలా తీసుకుపోవడానికైనా, పై ఆసుపత్రికి పంపడానికైనా దారి హైదరాబాద్ వైపే. నల్లగొండ నుంచి అయినా మహబూబ్‌నగర్ నుంచి అయినా సుమారు 100 కిలోమీటర్లు; నగరంలోకి వచ్చాక ట్రాఫిక్‌తో కలిపి రెండు, రెండున్నర గంటలు. అంబులెన్సుల్లో వాడే బీ టైపు ఆక్సిజన్ సిలిండర్‌లో నిండుగా ఉన్నప్పుడు దాదాపు 1,500 లీటర్లు ఉంటుంది. నిమిషానికి 10 లీటర్ల చొప్పున ఇస్తే 150 నిమిషాలు, 15 లీటర్ల చొప్పున ఇస్తే 100 నిమిషాలు మాత్రమే వస్తుంది. అంటే ఎక్కువ ఆక్సిజన్ కావలసిన రోగికి ఒక్క సిలిండర్ పెట్టి పంపితే అది దారిలోనే అయిపోతుంది. ఈ భాగహారాన్ని బయలుదేరే ముందే చేసి, అదనపు సిలిండర్, చేత్తో నొక్కే సంచి, కఫం లాగే పరికరం, గొట్టం ఎంత లోతులో కట్టారో రాసిన కాగితం వెంట పంపడం ఎవరి ఉద్యోగంలోనూ రాసిలేని ఆసుపత్రుల్లో అది అదృష్టం మీద నడుస్తోంది. థెరపిస్టు ఉన్న చోట అది ఆయన పని.

ఐసీయూ బయట ఈ వృత్తికి ఉన్న పని మన ప్రాంతంలో ఇంకా పెద్దది, అయితే అది ఎవరి కంటా పడదు. కట్టెల పొయ్యి ముందు ముప్పై, నలభై ఏళ్లు కూర్చున్న ఆడవాళ్లు, బీడీ మానలేని మగవాళ్లు, మిర్యాలగూడ రైస్ మిల్లుల్లో ఊక దుమ్ము మధ్య పనిచేసినవారు, షాద్‌నగర్ వైపు పలుగురాయిని పొడి చేసే మిల్లుల్లోనూ కంకర క్రషర్లలోనూ రెక్కలు ముక్కలు చేసుకున్న పాలమూరు కూలీలు దమ్ముతో, దగ్గుతో ఓపీ వరుసల్లో నిలబడతారు. రాతి దుమ్ముతో వచ్చే సిలికోసిస్‌కు మందు లేదు, పైగా అది క్షయకు దారి తెరుస్తుంది. అందువల్ల దగ్గు తగ్గని క్రషర్ కూలీకి టీబీ పరీక్ష చేసి ఊరుకోకుండా అతని పని ఏమిటో అడిగి, ఊపిరితిత్తుల సత్తాను కొలిచే స్పైరోమెట్రీ చేయించి, ఎక్స్‌రేను ఆ చూపుతో చదివించాలి. స్పైరోమెట్రీలో గుండెల నిండా గాలి పీల్చి ఒక్కసారిగా ఊది, పూర్తిగా ఖాళీ అయ్యేదాకా ఊదుతూనే ఉండాలి. రోగికి ఎదురుగా నిలబడి "ఊదు, ఊదు, ఇంకా ఊదు" అని ఉత్సాహపరిచే మనిషి లేకపోతే వచ్చే రిపోర్టు చిత్తుకాగితమే.

ఇన్‌హేలర్ సంగతీ అంతే. చీటీ రాసేందుకు నిమిషం పడుతుంది, వాడకం నేర్పేందుకు పది నిమిషాలు పడుతుంది, ఆ పది నిమిషాలు ఓపీలో ఏ వైద్యుడి దగ్గరా ఉండవు. డబ్బాను ఊపి, ఊపిరంతా బయటికి వదిలి, మందు నొక్కుతూనే నెమ్మదిగా నాలుగైదు సెకన్ల పాటు పీల్చి, పది సెకన్లు బిగబట్టాలి. చాలామంది నోరు తెరిచి గొంతులోకి కొట్టుకుని మందు పనిచేయడం లేదంటారు. ఇన్‌హేలర్‌కూ నోటికీ మధ్య పెట్టే స్పేసర్ అనే గొట్టం జతచేసి, ఒకసారి తన ముందే చేయించి చూస్తే మోతాదు పెంచవలసిన అవసరమే లేకపోవచ్చు. అలాగే దీర్ఘకాలిక దమ్ము రోగికి ఆయాసం ఎక్కువైందని ఆక్సిజన్‌ను ధారాళంగా వదిలితే మేలు కన్నా కీడు ఎక్కువ. వారికి ఆక్సిమీటర్ అంకెను 88 నుంచి 92 శాతం మధ్య ఉంచితే చాలు, 100 దాకా తీసుకుపోతే కార్బన్ డయాక్సైడ్ పెరిగి రోగి మత్తులోకి జారిపోవచ్చు. ఈ నియమం వార్డులో అందరికీ తెలిసినదే అయినా, కంగారులో ఉన్న కొడుకు తిప్పిన ఆక్సిజన్ నాబ్‌ను వెనక్కి తిప్పి, ఎందుకు తిప్పానో ఆ కొడుక్కి ఓపిగ్గా చెప్పేవారే అరుదు.

ఈ వృత్తికి చట్టంలో చోటు దొరికింది కొన్నేళ్ల కిందటే. 2021లో పార్లమెంటు చేసిన జాతీయ అనుబంధ, ఆరోగ్య సంరక్షణ వృత్తుల కమిషన్ చట్టం శ్వాస చికిత్స సాంకేతిక నిపుణులను తన జాబితాలో చేర్చింది, రిజిస్టరు, పాఠ్యప్రణాళిక, కనీస శిక్షణ గంటలు ఉండాలని చెప్పింది. తెలంగాణలో కాళోజీ నారాయణరావు ఆరోగ్య విజ్ఞాన విశ్వవిద్యాలయం పరిధిలో ఇంటర్న్‌షిప్‌తో కలిపి నాలుగేళ్ల బీఎస్సీ రెస్పిరేటరీ థెరపీ కోర్సు ఉంది. మహబూబ్‌నగర్‌లో 2016లో, నల్లగొండ, సూర్యాపేటల్లో 2019లో, నాగర్‌కర్నూలు, వనపర్తిల్లో 2022లో ప్రభుత్వ వైద్య కళాశాలలు మొదలయ్యాయి కనుక నేర్చుకోవడానికి మంచాలూ రోగులూ ఇక్కడే ఉన్నారు. కొవిడ్ తర్వాత వెంటిలేటర్లు, ఆక్సిజన్ ప్లాంట్లు జిల్లాలకు వచ్చాయి. వాటి వెనకే రావలసిన మనుషులు మాత్రం అదే వేగంతో రాలేదు.

థెరపిస్టును పెడితే నర్సుల పోస్టులు తగ్గిస్తారని, లేదా వైద్యుల అధికారానికి గండి పడుతుందని ఆసుపత్రుల్లో గుసగుసలు వినిపిస్తాయి. మొదటి భయానికి కారణం ఉంది. ఒక పోస్టు ఇచ్చి మరో పోస్టు కోసే అలవాటు ప్రభుత్వాలకు కొత్త కాదు. నర్సు లేని ఐసీయూలో థెరపిస్టు ఏమీ చేయలేడు కాబట్టి అలా జరగకుండా సంఘాలు పట్టుబట్టడం న్యాయమే. రెండో భయానికి మాత్రం ఆధారం కనిపించదు, ఎందుకంటే నియమావళి మీద సంతకం పెట్టేది వైద్యుడే, దాన్ని దాటవలసి వచ్చినప్పుడు ఫోను వెళ్లేదీ వైద్యుడికే. నా దృష్టిలో అసలు చిక్కు వేరే చోట ఉంది. పగలు ఒక్కరిని నియమించి ఐసీయూకు థెరపిస్టు వచ్చారని రాసుకోవడం సులువు, కానీ మొదట చెప్పిన పురుగుల మందు రోగీ, కట్లపాము కరిచిన మనిషీ పగటి డ్యూటీ చూసుకుని ఊపిరి ఆపరు. మూడు షిఫ్టులకూ సెలవులకూ కలిపి చూస్తే ఒక్క ఐసీయూకే కనీసం నలుగురైదుగురు కావాలి. ఆ సంఖ్యలో మంజూరైన శాశ్వత పోస్టులు లేకపోతే ఇక్కడి కళాశాలల్లో చదివిన పిల్లలు హైదరాబాద్ కార్పొరేట్ ఆసుపత్రులకో, గల్ఫ్ దేశాలకో వెళ్తారు, రాత్రి షిఫ్టులో వెంటిలేటర్ అలారం మోగినప్పుడు ఎప్పటిలాగే ఆరు మంచాలు చూస్తున్న స్టాఫ్ నర్సే పరిగెత్తవలసి వస్తుంది.